రెండో డికాషన్

మా అబ్బాయి ఇంట్లో గ్యారేజీ తలుపు తీయగానే హార్లిక్స్ వాసన గుప్పుమంది.

2023 సెప్టెంబరు. నేను అమెరికా వెళ్లిన మూడో రోజు. ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కన ఉంటారు వాళ్లు. రాత్రీ పగలూ తారుమారై తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసింది. ఇల్లంతా నిద్రలో ఉంది. బట్టలుతికే మెషీన్ ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి పొరపాటున పక్క తలుపు తీశాను. లైటు వేస్తే... ఒక మూల పెద్ద బస్తా, దాని మీద బార్లీ కంకి బొమ్మ. పెళ్లివంటల్లో వాడేంత స్టీలు గిన్నెలు రెండు. రబ్బరు గొట్టాలు. ఆవకాయ జాడీకి మూడింతలుండే గాజు జాడీలు. గోడకి అరలు. అరల్లో ముదురు గోధుమరంగు సీసాలు, మూతలు బిగించి, వరసగా.

43.

ఎందుకు లెక్కపెట్టావని అడక్కండి. సీసా కనిపిస్తే లెక్కపెట్టడం నాకు ముప్ఫై ఏళ్ల పైబడిన అలవాటు.

మాది నెల్లూరు జిల్లా. కావలికి దగ్గర్లో ఒక పల్లెటూరు. 2014లో రిటైరయ్యేదాకా బడిపంతులమ్మని. మా అన్నయ్య నాకన్నా ఆరేళ్లు పెద్ద. మంచి మేస్త్రీ. సారాకి దొరికిపోయాడు. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది, పాల ప్యాకెట్ కన్నా చిన్నది. మూల కొరికి నోట్లో పిండుకోవడమే. గ్లాసు కూడా అక్కర్లేదు. సాయంత్రమయ్యేసరికి వదిన వాకిట్లో, దిబ్బ మీద, దడి పక్కన ఖాళీ ప్యాకెట్లు ఏరి లెక్కపెట్టేది. మూడైతే ఆ రాత్రి గడుస్తుంది. అయిదు దాటితే పిల్లల్ని మా ఇంటికి పంపించేది. నేనూ ఆవిడతో పాటు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. 1991లో అన్నయ్య పోయాడు. 41 ఏళ్లు. కడుపు ఉబ్బిపోయి, కళ్లు పసుపుపచ్చగా మారి. ఊళ్లో అందరికీ తెలుసు ఎందుకు పోయాడో. మా పిల్లలకి మాత్రం ‘గుండెనొప్పి’ అని చెప్పాం.

ఆ ఏడాదే మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని ఆడవాళ్లకి అక్షరాలు నేర్పేదాన్ని. తర్వాతి సంగతి మీకు తెలిసిందే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించడం, అది ఊరూరా అంటుకోవడం, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం. మా ఊళ్లో సారా బండిని అడ్డుకున్నప్పుడు ముందు వరసలో కూర్చున్నది మా వదిన. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నా గడప లోపలికి ఈ నీళ్లు రానివ్వనని.

ముప్ఫై ఏళ్ల తర్వాత నా కొడుకు గడప లోపల నిలబడి 43 సీసాలు లెక్కపెట్టాను.

ఎవరితోనూ ఏమీ అనలేదు. లైటార్పి వచ్చి పడుకున్నాను. తెల్లారి లేచి ఇడ్లీ పిండి రుబ్బాను. కొడుకు ఆఫీసుకి వెళ్తూ ‘‘ఏంటమ్మా అలా ఉన్నావ్, నిద్రలేదా?’’ అంటే తల ఊపాను. ఆ రోజు నుంచీ తెల్లారగట్ల లేవడం, గ్యారేజీలోకి వెళ్లడం, లెక్కపెట్టడం. 43. మర్నాడూ 43. శనివారం రాత్రి గడిచాక 42. ఒకసారి స్నేహితుడెవరో వచ్చి వెళ్తూ రెండు చేతిలో పట్టుకెళ్లడం కిటికీలోంచి చూశాను. 40. దొంగలెక్క రాసే గుమాస్తాలా తయారయ్యాను.

ఇంకొకటి కూడా చూశాను. ఒక శనివారం భోజనాల దగ్గర మా మనవరాలు, తొమ్మిదేళ్లది, ‘‘నాన్నా, నీ బాటిల్ నేను తెస్తా’’ అని కుర్చీలోంచి దూకింది. ఎప్పుడూ గొంతు పెంచనివాడు ‘‘వద్దు!’’ అని అరిచాడు. పిల్ల బిత్తరపోయింది. వాడే లేచి వెళ్లి తెచ్చుకున్నాడు. కోడలు మాట మార్చింది. అంత చిన్నదానికి అంత కోపమెందుకో నాకర్థం కాలేదు. తప్పు చేస్తున్నానన్న భయం కాబోలు అనుకున్నాను.

చివరికి నా సంగతి కోడలే కనిపెట్టింది. ఒకరోజు తెల్లారగట్ల నేను అరల ముందు వేలు చూపిస్తూ నిలబడి ఉంటే వెనకాల నుంచి, ‘‘ముప్ఫై ఎనిమిది ఉన్నాయత్తయ్యా’’ అంది మెల్లగా. ‘‘మీకు చెబుదామనే అనుకున్నాం. ఎలా చెప్పాలో తెలీలేదు. ఆయన కొనుక్కొచ్చి తాగరు. ఇక్కడే కాస్తారు. ఈ శనివారం ఉంది. ఒక్కసారి కూర్చుని చూడండి. చూశాక తిట్టండి.’’

‘కాస్తారు’ అన్న మాట వినగానే నా కళ్ల ముందు బట్టీ కనిపించింది. నల్లబెల్లం, తుమ్మచెక్క, కుండ మీద కుండ. ‘‘బట్టీ ఎక్కడ పెట్టాడు?’’ అన్నాను. కోడలు నవ్వేసింది. బట్టీ ఉండదట. ఆవిరిపట్టి దించితే సారా. అది ఇంట్లో కాయడం అక్కడ కూడా నేరమే. వీడు చేసేది గింజని పులియబెట్టడం వరకే. అమెరికాలో ఇంటి బీరుకి 1978లో జిమ్మీ కార్టర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు చట్టం వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్ల పైచిలుకు కాసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. (మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు కేసే. ఇది చదివి ఎవరూ పెరట్లో పొయ్యి వెలిగించకండి.)

* * *

ఆ శనివారం అక్టోబరు వాన పడుతోంది. అక్కడి వాన మన వానలా కుమ్మరించదు, రోజంతా జల్లెడ పట్టినట్టు పడుతూనే ఉంటుంది. గ్యారేజీ తలుపు సగం ఎత్తి, గుమ్మంలో గ్యాస్ పొయ్యి పెట్టాడు. నాకో కుర్చీ వేసి, కాళ్ల మీద దుప్పటి కప్పాడు.

మొదట గింజ ఇచ్చాడు చేతికి. బార్లీ. నోట్లో వేసుకుంటే కరకరలాడి తియ్యగా ఉంది. ‘‘ఇది మొలకెత్తించి ఆరబెట్టిందమ్మా. మాల్ట్ అంటారు’’ అన్నాడు, నాకేదో కొత్త విషయం చెబుతున్నట్టు.

‘‘నీకు ఆరో నెలలో పెట్టిందేంట్రా మరి?’’ అన్నాను.

నాకా పని కొట్టిన పిండి. రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి రెండు రోజులు వేలాడదీస్తే తెల్లగా మొలకలొస్తాయి. నీడలో ఆరబోసి, దోరగా వేయించి, మొలకలు నలిపి చెరిగేసి, విసిరి, బట్టలో జల్లించాలి. ఆ పిండితో జావ కాస్తే ఒక విచిత్రం ఉండేది. మామూలు రాగిపిండి రెండు చెంచాలకే గరిటె నిలబడేంత చిక్కబడుతుంది. మొలకల పిండి మాత్రం ఎంత వేసినా పలచగా జారుతూనే ఉంటుంది. అందుకే పసిబిడ్డ గొంతు దిగుతుంది, కడుపు నిండుతుంది. ఎందుకలాగో మా అమ్మకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ గ్యారేజీలో తెలిసింది. గింజ మొలకెత్తేటప్పుడు, లోపలి పిండిని విడగొట్టి చక్కెరగా మార్చుకునే ఎంజైములు తయారుచేసుకుంటుందట, మొలకకి ఆహారం కోసం. వాటికి సరైన వేడి నీళ్లు తగిలితే గంటలో పిండంతా కరిగి తియ్యటి నీళ్లవుతాయి. వేడి మరీ ఎక్కువైతే అవి చచ్చిపోతాయి, తక్కువైతే బద్ధకిస్తాయి. మా వాడికి కావాల్సింది 66 డిగ్రీలు.

10 కిలోల మాల్ట్‌ని చేత్తో తిప్పే చిన్న మరలో పోసి ఆడించాడు. పిండి చేయలేదు. గింజ పగిలితే చాలు, పొట్టు మాత్రం నలగకూడదు. తర్వాత ఆ పొట్టే వడకట్టే గుడ్డలా పనిచేస్తుందట. కింద కుళాయి బిగించిన పెద్ద ఐస్‌బాక్సులో 26 లీటర్ల వేడినీళ్లు పోసి, పగిలిన గింజంతా వేసి తెడ్డుతో కలిపాడు. ఐస్‌బాక్స్ చల్లదనాన్నే కాదు, వేడినీ పట్టి ఉంచుతుంది కదా. మూతపెట్టి గంటసేపు వదిలేశాడు. ఇదిగో, అప్పుడు లేచింది హార్లిక్స్ వాసన. లేవదూ మరి? అది కూడా మొలకెత్తిన బార్లీ సరుకే.

గంటయ్యాక ఒక తెల్లసాసర్లో రెండు చుక్కలు తీసి పైన అయోడిన్ వేశాడు. బడిలో బంగాళదుంప ముక్క మీద అయోడిన్ వేసి, నీలం నలుపైతే పిండిపదార్థం ఉన్నట్టని ఎన్ని తరగతులకి చూపించానో! ఇక్కడ రంగు మారలేదు. ‘‘పిండంతా అయిపోయింది, చక్కెరే మిగిలింది’’ అన్నాను, వాడు చెప్పకముందే. తొంభయ్యో మార్కు తెచ్చుకున్న పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

కుళాయి తిప్పాడు. మొదట మడ్డిగా వచ్చినదాన్ని మళ్లీ గింజ మీదే పోశాడు. పొట్టు సర్దుకున్నాక తేటగా దిగడం మొదలైంది. తేనెరంగు. చిన్నగ్లాసులో పట్టి ఇచ్చాడు. ‘‘ఇందులో మత్తు లేదమ్మా. ఈస్ట్ వేశాకే అవుతుంది. ఇప్పుడిది ఒట్టి పానకం.’’ ఒట్టు గుర్తొచ్చింది. గ్లాసు వాసన చూశాను, కోడలి ముఖం చూశాను, తాగాను. చిక్కటి పాకం. నాలిక్కి అంటుకుపోయేంత తీపి. పాలకేంద్రంలో లాక్టోమీటర్ లాంటి గాజుబుడ్డి ముంచి చూస్తే 1.085 చూపించింది. మామూలు నీళ్లయితే 1.000 ఉంటుంది. అలా 16 లీటర్లు దిగి ఆగిపోయింది.

‘‘అయిపోయిందా?’’

‘‘సగమే అయింది. ఇప్పుడు రెండో నీళ్లు’’ అని, అదే గింజ మీద మళ్లీ 18 లీటర్ల వేడినీళ్లు పోసి కలిపాడు.

నేను గబుక్కున అన్నాను: ‘‘రెండో డికాషన్!’’

మీ ఇంట్లో ఎలాగో తెలీదుగానీ, మా పుట్టింట్లో కాఫీ ఫిల్టరుకి ఒక రాజ్యాంగం ఉండేది. మొదటి డికాషన్ నాన్నకి, అన్నయ్యకి, చుట్టాలకి. అదే పొడి మీద మళ్లీ మరిగే నీళ్లు పోస్తే దిగేది అమ్మకి, నాకు, తర్వాతి రోజుల్లో వదినకి. కొబ్బరిపాలూ అంతే, మొదటి పాలు పాయసానికి, రెండో పాలు కూరకి. పెళ్లయ్యేదాకా నాకు మొదటి డికాషన్ రుచి తెలీదు. విచిత్రమేమిటంటే, మా ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే అయినా మొదటిది గిన్నెలో తీసి మూతపెట్టి, రెండోదే కలుపుకుంటాను. ఎవరైనా వస్తే ఉండాలి కదా అని. సాయంత్రానికి ఎవరూ రారు. పారబోస్తాను.

ఇదంతా చెబితే మా వాడు తెడ్డు ఆపేసి విన్నాడు. వాడూ ఒకటి చెప్పాడు. పాతకాలపు ఇంగ్లండులో కూడా ఇదే పద్ధతి. ఒకే గింజ మీద రెండుసార్లు, మూడుసార్లు నీళ్లు పోసేవారు. మొదటిది గట్టి బీరు. చివరిది పలచటిది, అన్నంతోపాటు మంచినీళ్లలా పిల్లలూ పనివాళ్లూ తాగేది. దాని పేరు ‘స్మాల్ బీర్’. ఇప్పటికీ ఇంగ్లీషులో ఆ మాటకి ‘లెక్కలోకి రానిది’ అని అర్థం! ఒకే గింజతో వేర్వేరు బీర్లు కాయడాన్ని ‘పార్టీగైల్’ అంటారు. లండన్‌లో చిజిక్ అనేచోట ఫుల్లర్స్ వాళ్లు చాలాకాలం ఈ నీళ్లని రకరకాల పాళ్లలో కలిపి మూడు నాలుగు పేర్లతో బీర్లు తీశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ అనే కంపెనీ అయితే మొదటి నీళ్లతో ఒకటి, రెండో నీళ్లతో ఇంకొకటి కాసి, రెండోదానికి దాచకుండా ‘స్మాల్ బీర్’ అనే పేరు పెట్టి అమ్మింది. 1896 నాటి ఆ కంపెనీ నేను వెళ్లిన ఏడాది జులైలోనే మూతపడింది. దాని ఖాళీ సీసా ఒకటి మా వాడి అరలో, చనిపోయినవాళ్ల ఫొటోలా, విడిగా ఉంది. అదీ నా లెక్కలో పడింది మొదట్లో.

‘‘మామూలుగా ఇళ్లల్లో కాసేవాళ్లు రెండు నీళ్లూ కలిపేసి ఒకటే చేస్తారమ్మా. నాకు విడివిడిగా చేయడం ఇష్టం’’ అన్నాడు.

రెండో నీళ్లు దిగాయి. ఎండుగడ్డి రంగు. గాజుబుడ్డి 1.030 దగ్గర తేలింది. రుచి చూశాను. తీపి ఉందీ లేనట్టుంది, గింజ వాసన మాత్రం మొదటిదానికన్నా తెలిసింది. పాకంలో తీపి తప్ప ఇంకేం తెలుస్తుంది? దీన్ని గ్లాసుడూ తాగాను. ‘‘మూడోసారి పొయ్యవా?’’ అంటే, వగరు దిగుతుందన్నాడు, పొట్టులోంచి. మూడో డికాషన్ సంగతి నాకు చెప్పాలా!

మొదటి నీళ్లు ఒక గిన్నెలో, రెండో నీళ్లు ఇంకో గిన్నెలో. పొయ్యి ఒకటే కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి గంటన్నర చొప్పున మరగాలి. మరిగేటప్పుడు హాప్స్ అనే ఎండుపూలు వేస్తారు, చేదు కోసం. పోర్ట్‌లాండ్‌కి దక్షిణంగా విలామెట్ లోయలో తీగలకి కాస్తాయి, మన పొట్ల పందిళ్ల కన్నా ఎత్తుగా. పచ్చటి కాగితప్పూలలా ఉన్నాయి. నలిపి వాసన చూస్తే అచ్చం పంపరపనస తొక్క.

* * *

రెండో గిన్నె పొయ్యి మీద ఉంది. కోడలు పాపని డ్యాన్సు క్లాసుకి తీసుకెళ్లింది. వాన పడుతూనే ఉంది. ఇక అడక్కుండా ఉండలేకపోయాను.

‘‘నీకొకటి చెప్పాలి అబ్బయ్యా. మీ మావయ్య గుండెనొప్పితో పోలేదు.’’

వాడు మంట చూస్తున్నాడు. ‘‘తెలుసమ్మా.’’

‘‘ఎవరు చెప్పారు?’’

‘‘ఎవరూ చెప్పలేదు. ప్యాకెట్లు తెచ్చింది నేనే కదా.’’

నాకు మొదట అర్థం కాలేదు. వాడు గిన్నె వైపే చూస్తూ చెప్పాడు. అప్పుడు వాడికి ఏడేళ్లు. బడి వదిలాక మావయ్య కొట్టాం దగ్గర కూర్చుని ఉండేవాడట. డబ్బులిచ్చి సారా అంగడికి పంపేవాడు. మిగిలిన చిల్లరకి వేరుశనగ ఉండ కొనుక్కోమనేవాడు. ప్యాకెట్ నిక్కరు జేబులో పడితే బయటికి కనిపిస్తుందని పలక సంచిలో, పలకకీ పుస్తకానికీ మధ్య పెట్టుకునేవాడట. అంగట్లో వాళ్లు పిల్లవాడు కదా అని అడిగిందీ లేదు, ఆపిందీ లేదు. ‘‘మావయ్య పోయాక చాలా ఏళ్లు ఆఖరి ప్యాకెట్ నేను తెచ్చిందే అనుకున్నా. వేరుశనగ ఉండ నేనెందుకు తిననో నువ్వెప్పుడూ అడగలేదు.’’

అడగలేదు. నిజమే. పిల్లవాడికి పడదు కాబోలు అనుకున్నాను. ఆ రాత్రులన్నీ లాంతరు కింద ఊళ్లో ఆడవాళ్లకి అక్షరాలు దిద్దిస్తున్నాను. సారా వల్ల ఇల్లెలా కూలుతుందో పాఠం చెబుతున్నాను. ఇంట్లో వాడి పలక సంచి గోడకి కొయ్యకి వేలాడుతూ ఉండేది. ఒక్కరోజైనా తీసి చూసి ఉంటే!

ఏమనాలో తోచలేదు. అనడానికి వ్యవధి కూడా లేకపోయింది. మాటల్లో పడి ఇద్దరం గిన్నె సంగతి మర్చిపోయాం. హాప్స్ పడగానే బుసబుసా నురగ లేచి, గిన్నె అంచు దాటి పొయ్యి మీదికి పొంగింది. వాడు మంట తగ్గించడానికి వంగేలోపు నేను పక్కనున్న చల్లనీళ్లు చేత్తో చిలకరించాను, పాలు పొంగితే చిలకరించినట్టు. నురగ చప్పున దిగింది. సిమెంటు గచ్చంతా జిగురు. ఇద్దరం గుడ్డలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని తుడిచాం. తుడుస్తూ, అటు తిరిగి ఉన్నప్పుడే అడిగాను: ‘‘అంత తెలిసినవాడివి, మరి నీకెందుకురా ఇది?’’

‘‘మొదట్లో నేనూ స్నేహితులతో బయట తాగేవాణ్ణి. ఎంత తాగుతున్నానో తెలిసేది కాదు. అది భయమేసింది. ఇదైతే గింజ దగ్గర్నుంచీ నాకు తెలుసు. ఎంత వేశాను, ఎంత దిగింది, ఎంత మత్తు. నేను తాగేది ఈ రెండోదే. మూడున్నర శాతం. శనివారం ఒకటి. పుస్తకంలో తేదీ వేస్తాను. పాపని మాత్రం సీసా ముట్టుకోనివ్వను, తెమ్మని అడగను.’’

అప్పుడు తెలిసింది నాకు ఆ ‘వద్దు’ ఎందుకో.

వాడి జవాబు నాకు నచ్చిందని చెప్పను. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. ‘‘పుస్తకంలో రాసుకున్నవాళ్లంతా ఆగారని ఎక్కడుంది? మీ మావయ్యా మొదట్లో ఆదివారం ఒక్కటే అన్నాడు’’ అన్నాను. ఇలాంటివి కుటుంబాల్లో నడుస్తాయని డాక్టర్లు చెబుతారు కదా, అదీ అన్నాను. వాడు వాదించలేదు. ‘‘అందుకే నువ్వు లెక్కపెట్టమ్మా. నేనేమీ అనుకోను’’ అన్నాడు.

రెండు గిన్నెలూ చల్లార్చి, రెండు జాడీల్లో పోసి, ఈస్ట్ వేసి మూతలకి చిన్న గొట్టాలు బిగించాడు. మర్నాటికి గుడగుడ మొదలైంది. చిక్కటిది మూడు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా పొంగింది. పలచటిది ఓ పక్కన కూర్చుని తన పని తాను చేసుకుపోయింది. మిగిలిన పిప్పి తడితో ఇరవై కిలోలకి తేలింది. మా ఇంట్లో ఒకప్పుడు గేదె ఉండేది, దాని ముందు పోస్తే ఎంత సంబరపడేదో! పక్కింటివాళ్ల కోళ్లకి సగం ఇచ్చాం. హాప్స్ మడ్డి మాత్రం వేరే సంచిలో కట్టి పారేశాడు, కుక్కలకి అది విషమట, ఎదురింట్లో కుక్క ఉంది. కాస్త పిప్పి నేను తీసుకుని బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి రొట్టె కాల్చాను. రుచి బాగానే ఉంది. పొట్టు మాత్రం సాయంత్రం దాకా పళ్ల సందుల్లో ఉంది.

మూడు వారాలకి రెండోది సీసాల్లోకి ఎక్కింది. చిక్కటిది నెలన్నరకి. అది తొమ్మిది శాతం దాటిందట. దాన్ని ఏడాదిదాకా ముట్టుకోకూడదని అరలో అడుగున, వెనక్కి పెట్టాడు. సీసాలు డెబ్భై పైన పెరిగాయి. నా లెక్కంతా మళ్లీ మొదటికొచ్చింది. డిసెంబరులో బయల్దేరేముందు ఒకసారి లెక్కపెట్టి, ఆ అంకె వాడి పుస్తకంలో నా చేత్తోనే రాసి వచ్చాను.

* * *

ఊరికొచ్చిన మర్నాడు వదిన దగ్గరికి వెళ్లాను. అన్నయ్య పోయాక అంగన్‌వాడీలో ఆయాగా చేసి ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేసింది. ఇప్పుడు డెబ్భై దాటింది. వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. పాప ఫొటోలు చూపించాను. అన్నీ చూసి, నేననుకున్నట్టే అడిగింది.

‘‘వాడు తాగుతాడా అమ్మాయ్?’’

నాలుగు నెలలుగా ఈ ప్రశ్నకి ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసుకున్నానో. ఒక్కటీ నోటికి రాలేదు. ‘‘తాగుతాడు వదినా. ఇంట్లోనే కాసుకుంటాడు.’’

చేట ఆగలేదు. ‘‘లెక్కపెట్టావా?’’

‘‘పెట్టాను.’’

‘‘తగ్గినయ్యా?’’

‘‘ఇరవై రోజులకి అయిదు. అందులో రెండు వేరేవాళ్లకిచ్చాడు.’’

‘‘మూడు’’ అంది. మట్టిబెడ్డ ఒకటి ఏరి పారేసింది. కాసేపటికి చేట పక్కన పెట్టి, ‘‘మీ అన్న వాణ్ణి అంగడికి పంపేవాడు. నేనొకసారి చూశాను. నువ్వు మళ్లీ మా గడప తొక్కవేమోనని నీకు చెప్పలేదు’’ అంది.

నేను ఆవిడ చీర కొంగు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

‘‘కాఫీ పెడతా ఉండు’’ అని మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. లోపల్నుంచి అరిచింది, పొద్దున దించిన మొదటి డికాషన్ అలాగే ఉంది, ఇద్దరికీ చాలుతుందని.